కోహా: గ్రంథాలయ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి దృష్టితో ఒక సమీక్ష

గ్రంథాలయ శాస్త్రంలో పట్టా చేతికి రాగానే ఉద్యోగ ప్రకటనలు వెతకడం మొదలుపెట్టినవారికి ఒక షరతు పదేపదే ఎదురవుతుంది. ఏదైనా ఒక గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌తో పనిచేసిన అనుభవం ఉండాలన్నది ఆ షరతు. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు. ఈ చిక్కును ఎవరి దయా అవసరం లేకుండా విప్పుకోవడానికి ఉన్న మార్గాలలో కోహా అనే గ్రంథాలయ నిర్వహణ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా నేర్చుకోవడం ఒకటి. అందుకే ఈ సమీక్షలో కోహాను ఒక కళాశాల యాజమాన్యం ఎంచుకోదగిన సాఫ్ట్‌వేర్‌గా కాక, బీఎల్ఐఎస్సీ (గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ) పూర్తిచేసిన వ్యక్తి తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని సాధన చేయదగిన పనిముట్టుగా పరిశీలిస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పాలంటే, కొత్తవారు మొదట నేర్చుకోవలసింది ఇదే. అయితే ఇది సులువని చెప్పి ఎవరినీ దీనిలోకి దించకూడదు. తెలుగు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి ఇందులో మన చేతిపని చాలా మిగిలే ఉంటుంది.

కోహా పుట్టుక గురించి క్లుప్తంగా చెబుతాను. న్యూజీలాండ్‌లోని హోరోఫెనువా గ్రంథాలయ ట్రస్టు వాడుతున్న పాత వ్యవస్థ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకోలేని స్థితిలో ఉండగా, 1999లో కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ ఆ ట్రస్టు కోసం దీనిని తయారుచేసింది. 2000 జనవరిలో ఇది వాడుకలోకి వచ్చింది. కోహా అనేది మావోరీ మాట, కానుక అని దానికి అర్థం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు కింద విడుదల చేసినందువల్ల ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వవచ్చు. ప్రపంచంలో పలుచోట్ల ఉన్న గ్రంథాలయ ఉద్యోగులూ ప్రోగ్రామర్లూ కలిసి నేటికీ దీనిని అభివృద్ధి చేస్తున్నారు. ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి చొప్పున కొత్త వెర్షన్లు వస్తాయి. వెర్షన్ సంఖ్యలోనే సంవత్సరమూ నెలా ఉంటాయి కనుక, ఏ కళాశాలలోనైనా నడుస్తున్న కోహా ఎంత పాతదో ఆ అంకెను చూసి చెప్పేయవచ్చు.

తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో ఈ సాఫ్ట్‌వేర్ల ప్రస్తావన ఎందుకు ఇంతగా వినిపిస్తుందో కొత్తవారు తెలుసుకోవాలి. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను పరిశీలించే న్యాక్ గుర్తింపు కోసం కళాశాలలు సమర్పించే నివేదికలో ఒక అంశం గ్రంథాలయ ఆటోమేషన్‌కు, అంటే పనుల కంప్యూటరీకరణకు, సంబంధించినది. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఆటోమేషన్ పూర్తిగా జరిగిందా పాక్షికంగానా, ఏ సంవత్సరంలో జరిగింది అన్న వివరాలు అక్కడ చూపవలసి ఉంటుంది. బీరువాలలో ఎన్ని వేల పుస్తకాలున్నా ఆ నాలుగు గడులు నింపలేకపోతే ప్రిన్సిపాల్‌కు నిద్ర పట్టదు. అందువల్ల సాఫ్ట్‌వేర్‌ను నడపగలిగిన లైబ్రేరియన్ అవసరం యాజమాన్యాలకు హఠాత్తుగా గుర్తుకు వస్తుంది. అవసరం ఏ కారణంగా పుట్టినా, తలుపు తెరుచుకునేది అక్కడే.

మన దేశంలో ఈ రంగంలో కోహా ఒక్కటే లేదు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం విశ్వవిద్యాలయాల, కళాశాలల కోసం సోల్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. దాని 2.0 వెర్షన్ 2009లో వచ్చింది, తరువాతి 3.0 వెర్షన్ కూడా ఇప్పుడు అందుబాటులో ఉంది. ప్రభుత్వ గ్రంథాలయాల కోసం కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ సేవల సంస్థ ఎన్ఐసీ రూపొందించిన ఈ-గ్రంథాలయ ఉంది. హైదరాబాదుకు చెందిన వెరస్ సొల్యూషన్స్ తయారుచేసిన న్యూజెన్‌లిబ్‌ను 2008లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. మన ఊరి నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్‌గా దాని పట్ల నాకు కాస్త అభిమానం ఉంది. అయినా, నేర్చుకునేవారి అవసరాన్ని మాత్రమే దృష్టిలో పెట్టుకుంటే కోహాదే పైచేయి. సోల్, ఈ-గ్రంథాలయ వంటివి ప్రధానంగా సంస్థల పేరున తీసుకునేవి. ఉద్యోగం లేని వ్యక్తి ఇంట్లో కూర్చుని వాటి లోపలి భాగాలన్నీ తిరగేసే వీలు తక్కువ. కోహాకు ఎవరి అనుమతీ అక్కరలేదు. పైగా పుస్తక వివరాలను అంకెలున్న గడులలో (ఫీల్డులలో) కంప్యూటరుకు అర్థమయ్యేలా రాసే మార్క్ 21 ప్రమాణాన్ని ఇది దాచకుండా మన ముందు పెడుతుంది కనుక, ఇక్కడ నేర్చుకున్నది రేపు మరో సాఫ్ట్‌వేర్ ఉన్న గ్రంథాలయానికి వెళ్లినా పనికివస్తుంది.

మొదటి అడ్డంకి ఇన్‌స్టలేషన్. కోహా లినక్స్ మీద, ముఖ్యంగా డెబియన్, ఉబుంటు మీద నడుస్తుంది. విండోస్‌లో రెండు క్లిక్కులతో దిగే వస్తువు కాదు. ల్యాప్‌టాప్‌లో ఉన్న విండోస్‌ను తీసేయకుండా వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో దాని లోపలే మరొక లినక్స్ యంత్రాన్ని సృష్టించుకుని, అందులో కోహా ప్యాకేజీని దించుకోవడం కొత్తవారికి క్షేమకరమైన పద్ధతి. 8 జీబీ ర్యామ్ ఉంటే పని సాఫీగా సాగుతుంది, 4 జీబీతో నత్తనడకే. నల్లటి తెర మీద ఆదేశాలు టైపు చేయడం, డేటాబేసును సృష్టించడం, సిబ్బంది వాడే పేజీకి ఒక పోర్టు, పాఠకులు వెతికే ఓపాక్ పేజీకి మరొక పోర్టు కేటాయించడం వంటివి బీఏ, బీకాం చదివి ఈ వృత్తిలోకి వచ్చినవారిని బెదరగొడతాయి. ఈ దశలోనే చాలామంది వదిలేస్తారు. వదలకుండా నిలిచినవారికి దక్కేది కేవలం కోహా కాదు. సర్వర్ అంటే ఏమిటో, అనుమతులంటే ఏమిటో, లాగ్ ఫైలులో తప్పును ఎలా వెతకాలో కూడా అక్కడే తెలుస్తుంది. కంప్యూటర్ సైన్స్ విభాగం వారి ముందు తలవంచుకోకుండా మాట్లాడగలిగే ధైర్యం లైబ్రేరియన్‌కు ఇక్కడి నుంచే వస్తుందని నా నమ్మకం. ఇన్‌స్టలేషన్ మరీ కష్టమనిపిస్తే, కోహా సముదాయపు వెబ్‌సైటులో సూచించిన నమూనా సైట్లలో కొన్నాళ్లు తిరిగి, తరువాత సొంతది పెట్టుకోవచ్చు.

లోపలికి ప్రవేశించాక కోహా చేసే మొదటి మేలు, మనచేత నిర్ణయాలు చేయించడం. గ్రంథాలయం పేరు, పుస్తకాల రకాలు, పాఠకుల వర్గాలు నిర్వచించనిదే ఏ పనీ ముందుకు సాగదు. పాఠ్యపుస్తకం, రిఫరెన్సు గ్రంథం, పత్రిక, ప్రాజెక్టు నివేదిక అని రకాలను విడదీయాలా, లేక అన్నింటినీ ఒకే రకంగా ఉంచి అరల స్థానంతో వేరుచేయాలా? డిగ్రీ విద్యార్థి, పీజీ విద్యార్థి, బోధన సిబ్బంది, బోధనేతర సిబ్బంది వేర్వేరు వర్గాలా? తరగతి గదిలో ఇవి పరీక్షలో రాసే జవాబులు. ఇక్కడ మాత్రం ఒక వర్గాన్ని అనవసరంగా సృష్టిస్తే దాని భారం ఆ తరువాత రాసుకునే ప్రతి నియమం మీదా పడుతుంది.

ఆ నియమాల పట్టికే కోహాకు గుండెకాయ. ఏ శాఖలో, ఏ వర్గపు పాఠకుడికి, ఏ రకం పుస్తకం ఎన్ని రోజులకు ఇవ్వాలి, ఒకేసారి ఎన్ని ఇవ్వాలి, గడువు ఎన్నిసార్లు పొడిగించవచ్చు, ఆలస్యమైతే రోజుకు ఎంత జరిమానా, ఎన్ని రోజుల మినహాయింపు అన్నవి అక్కడ గడిగడికీ నింపాలి. ఏ నియమమూ రాయకపోతే కోహా పుస్తకం ఇవ్వనివ్వదు. మొదటిసారి వాడేవారు దీనిని లోపమనుకుంటారు గాని, ఇది జాగ్రత్త మాత్రమే. జరిమానా విషయంలో సెలవుల క్యాలెండరును తప్పక నింపాలి. ఆదివారాలు, రెండో శనివారాలు, సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు నమోదు చేసి, మూసి ఉన్న రోజులను జరిమానా లెక్కలోకి తీసుకోవద్దని సెట్టింగులలో చెప్పకపోతే, పండుగకు ఊరు వెళ్లివచ్చిన విద్యార్థికి తాళం వేసి ఉన్న రోజులకు కూడా జరిమానా పడుతుంది. కౌంటరు దగ్గర ఆ విద్యార్థి అడిగే ప్రశ్నకు సాఫ్ట్‌వేర్ జవాబు చెప్పదు, మనమే చెప్పాలి. గడువు తేదీ సెలవు రోజున పడితే దానిని తరువాతి పనిదినానికి జరపాలా, లెక్కలోంచి సెలవులన్నీ తీసేయాలా అన్నది కూడా మనమే ఎంచుకోవచ్చు. సాధన చేసేవారు తాము చదివిన కళాశాల నియమాలను గుర్తుచేసుకుని ఈ పట్టికను మొత్తంగా నింపి, పదిమంది ఊహా పాఠకులకు పుస్తకాలిచ్చి, తిరిగి తీసుకుని, లెక్క సరిపోయిందో లేదో కాగితం మీద వేసి చూసుకోవాలి. ఇంటర్వ్యూలో కోహా వచ్చునని చెప్పడానికీ, కోహాలో మీ కళాశాల నియమాలను ఇలా అమరుస్తానని వివరించడానికీ తేడా ఇక్కడే తెలిసిపోతుంది.

క్యాటలాగింగ్ (సూచీకరణ) విభాగం మొదటి చూపులో భయపెడుతుంది. కోహాతో పాటు వచ్చే పూర్తి చట్రంలో (ఫ్రేమ్‌వర్క్‌లో) మార్క్ ఫీల్డులన్నీ పది ట్యాబులలో పరుచుకుని ఉంటాయి, కళాశాల గ్రంథాలయానికి వాటిలో పావు వంతు కూడా అవసరం పడదు. 020లో ఐఎస్‌బీఎన్, 082లో విషయాన్ని బట్టి ఇచ్చే డ్యూయీ వర్గ సంఖ్య, 100లో రచయిత, 245లో శీర్షిక, 250లో ముద్రణ, 260 లేదా 264లో ప్రచురణ వివరాలు, 300లో పుటలు, 650లో విషయ శీర్షిక, 700లో సహ రచయిత ఉంటే చాలావరకు పని నడుస్తుంది. వీటితోపాటు కోహా తనకోసం పెట్టుకున్న 942, 952 ఫీల్డులుంటాయి. ఒక్కో ప్రతికి సంబంధించిన బార్‌కోడు, కాల్ నంబరు, ధర, కొన్న తేదీ, అర స్థానం 952లోకి వెళ్తాయి. అవసరమైన ఫీల్డులతో సొంత చట్రాన్ని తయారుచేసుకోవడం కొత్తవారికి మంచి అభ్యాసం, ఎందుకంటే ఏ ఫీల్డు ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోవాలంటే ప్రతిదాని ప్రయోజనం తెలియాలి.

ఇంగ్లిష్ పుస్తకాలకు జెడ్39.50 అనే సదుపాయం ఉంది. ఐఎస్‌బీఎన్ కొడితే అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వంటి చోట్ల నుంచి సిద్ధమైన రికార్డు వచ్చి మన చట్రంలో కూర్చుంటుంది. ఉద్యోగంలో ఇది వరం. నేర్చుకునే దశలో మాత్రం కొంతకాలం దీనిని ముట్టుకోవద్దని నా సలహా. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, శీర్షిక పుటను వెనక్కీ ముందుకీ తిప్పి, రికార్డును మొదటి నుంచీ తానే రాసి, ఆ తరువాత దించుకున్న రికార్డుతో పోల్చుకున్నవారికి సూచీకరణ పట్టుబడుతుంది. మొదటి నుంచీ దించుకోవడానికే అలవాటు పడినవారు, స్థానిక ప్రచురణకర్త వేసిన ఐఎస్‌బీఎన్ లేని పుస్తకం బల్ల మీదికి రాగానే చేతులెత్తేస్తారు. మన గ్రంథాలయాలలో అటువంటి పుస్తకాలకు కొదవ లేదు.

తెలుగు పుస్తకాల విషయం కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే కోహా గురించిన పరిచయాలలో దీని ప్రస్తావన దాదాపు ఉండదు. కోహా యూనికోడ్‌ను పూర్తిగా స్వీకరిస్తుంది కనుక తెలుగు లిపిలో నమోదు చేయడానికి ఏ ఆటంకమూ లేదు. తెలుగు పుస్తకాల రికార్డులు బయట దొరకవనుకోవడం కూడా సరికాదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి ఢిల్లీలో కార్యాలయం నడుపుతూ భారతీయ భాషల పుస్తకాలను సేకరిస్తోంది. అందువల్ల తెలుగు పుస్తకాలకు సంబంధించిన రికార్డులు అక్కడ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వచ్చిన చిక్కల్లా, అవి సాధారణంగా రోమన్ లిపిలో, దీర్ఘాలకు పైన గీతలూ మూర్ధన్యాలకు (ట, డ, ణ వంటివాటికి) కింద చుక్కలూ పెట్టిన పద్ధతిలో ఉంటాయి. ఆ గీతలూ చుక్కలూ టైపు చేసి వెతికే పాఠకుడు మన ఊళ్లో ఎవరుంటారు? రికార్డును దించుకుని, 880 అనే ఫీల్డులో అవే వివరాలను తెలుగు లిపిలో రాసి, మూల ఫీల్డుతో ముడివేయడం మార్క్ 21 చూపించే మార్గం. ఓపాక్‌లో రెండు రూపాలూ కనిపిస్తాయి. తెలుగు పుస్తకాలే ప్రధానమైన గ్రంథాలయమైతే ఆ క్రమాన్ని తిరగేసి, 245లోనే తెలుగు లిపిని ఉంచుకునేవారూ ఉన్నారు. ఏ పద్ధతి ఎంచుకున్నా మొదటి రోజే కాగితం మీద రాసిపెట్టుకోవాలి. ఇద్దరు ఉద్యోగులు రెండు పద్ధతులు పాటించిన సూచికను తరువాత సరిదిద్దడం కొత్తగా తయారుచేయడం కంటే కష్టం.

తెలుగువారి పేర్ల క్రమం మరో పరీక్ష. పాశ్చాత్యుల పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుంది కనుక దానిని ముందుకు తెచ్చి కామా పెట్టే అలవాటు సూచీకరణలో స్థిరపడింది. విశ్వనాథ సత్యనారాయణ అన్న పేరులో ఇంటిపేరు మొదటే ఉంది. అలవాటు చొప్పున చివరి మాటను ముందుకు తెచ్చి సత్యనారాయణ, విశ్వనాథ అని రాస్తే ఆ పేరున్న వందలాది సత్యనారాయణల మధ్య ఆయన తప్పిపోతాడు. కలంపేర్లు ఇంకో చిక్కు. శ్రీశ్రీ పుస్తకాల మీద ఆ పేరే ఉంటుంది, శ్రీరంగం శ్రీనివాసరావు అని వెతికే పాఠకుడూ ఉంటాడు. పేర్ల ప్రామాణిక రూపాలను నమోదు చేసే అథారిటీ విభాగంలో ఒక రికార్డు తెరిచి, 100లో ప్రామాణిక రూపాన్ని, 400లో తక్కిన రూపాలను రాస్తే ఈ సమస్య తీరుతుంది. అయితే 400లోని రూపాలతో కూడా పుస్తకాలు దొరకాలంటే అందుకు సంబంధించిన సెట్టింగును విడిగా చేతనం చేసి, వెతుకులాటకు వాడే సూచీ (ఇండెక్స్) మొత్తాన్ని మళ్లీ నిర్మించమని చెప్పాలి. ఈ ఒక్క మెలిక తెలియక అథారిటీ రికార్డులు రాసి కూడా ఫలితం కనిపించడం లేదని విసిగిపోయేవారున్నారు.

వెతుకులాట యంత్రం సంగతి కూడా ఇటువంటిదే. కోహాతో వచ్చే జీబ్రా అనే వెతుకులాట యంత్రం మొదటి అమరికలో లాటిన్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని ఉంటుంది. తెలుగు వంటి లిపుల కోసం ఐసీయూ అనే పద్ధతికి మార్చి, సూచీని పునర్నిర్మించాలి. ఆ మార్పు సర్వర్‌లోని ఒక ఫైలులో చేసే చిన్న పనే అయినా, దాని గురించి తెలియనివారికి తెలుగు వెతుకులాట అంతుపట్టని గందరగోళంగా కనిపిస్తుంది. అంతా సరిగా అమర్చాక కూడా మన రాతలోని వైవిధ్యం మిగిలే ఉంటుంది. రంగనాథన్, రంగనాధన్ కంప్యూటరుకు రెండు వేర్వేరు మాటలు. పొల్లు అక్షరం తరువాత కంటికి కనపడని విరామ సంకేతం ఉన్న పదమూ లేని పదమూ తెర మీద ఇంచుమించు ఒకేలా కనిపించినా యంత్రం వాటిని వేరుగా చూడవచ్చు. వీటికి పరిష్కారం లైబ్రేరియన్ పాటించే రాత క్రమశిక్షణే గాని సాఫ్ట్‌వేర్ కాదు.

పాత జాబితాలను ఎక్కించడం గురించి ఒక హెచ్చరిక. కొత్త ఉద్యోగంలో చేరిన లైబ్రేరియన్ చేతికి సాధారణంగా ఒక ఎక్సెల్ ఫైలు వస్తుంది. మార్క్‌ఎడిట్ అనే ఉచిత సాధనంతో దానిని మార్క్ రికార్డులుగా మార్చి, కోహాలో ముందుగా ఒక తాత్కాలిక దశలో నిలిపి, పరిశీలించి, ఆపైన సూచికలో కలపవచ్చు. నచ్చకపోతే ఆ విడతను వెనక్కి తీసుకోవచ్చు కనుక ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. కాని తెలుగు భాగం అను ఫాంట్లలో టైపు చేసి ఉంటే అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు తీసేయగానే తెలుగు పోయి అర్థంలేని గుర్తులు మిగులుతాయి. ముందుగా మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చుకుని, ఒత్తులూ గుణింతాలూ కళ్లతో సరిచూసుకున్నాకే ఎక్కించాలి. ఫైలును భద్రపరిచేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే సరైన తెలుగు కూడా ప్రశ్నార్థకాల వరుసగా మారుతుంది. ఇరవై పుస్తకాలతో ప్రయోగించి చూడకుండా ఇరవై వేల పుస్తకాలు ఎక్కించడం సాహసం అనిపించుకోదు.

నివేదికల విభాగంలో కోహాకు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. సిద్ధంగా ఉన్న నివేదికలు కొన్నే అయినా, డేటాబేసును ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో ప్రశ్న రాయగలిగితే డేటాబేసులోని ఏ సమాచారాన్నైనా బయటకు తీయవచ్చు. తనిఖీకి వచ్చిన ఆడిటరు అక్సెషన్ రిజిస్టర్ (గ్రంథాలయంలో చేరిన పుస్తకాల వరుస పట్టిక) అడిగితే సంఖ్య, తేదీ, రచయిత, శీర్షిక, ధర, సరఫరాదారు వరుసలో ముద్రించి ఇవ్వడం, గత మూడేళ్లలో ఒక్కసారి కూడా బయటకు వెళ్లని పుస్తకాలేవో తీయడం, విభాగాలవారీగా ఎవరు ఎంత చదువుతున్నారో చూపడం దీనితో సాధ్యమవుతాయి. కోహా సముదాయం ఇటువంటి ప్రశ్నలను ఒకచోట పెట్టి ఉంచింది. వాటిని నకలు చేసుకుని, ఒక్కో పంక్తి ఏమి చేస్తోందో అర్థం చేసుకుంటూ మార్చుకుంటే చాలు. గ్రంథాలయ ఉద్యోగానికి సమాచార నిర్వహణ అన్న పేరు జోడించి చాలాకాలమైంది. ఆ పేరుకు తగిన పని నేర్పేది ఈ విభాగమే.

ఇక లోపాల దగ్గరికి వస్తాను. పత్రికల విభాగం అనవసరంగా క్లిష్టంగా ఉంటుంది. ఒక మాసపత్రిక సంచికలు ఎప్పుడు రావాలో ముందుగా అంచనా కట్టడానికి సంపుటి, సంచిక సంఖ్యల నమూనాను నిర్వచించాలి. రెండు నెలలకు కలిపి ఒకే సంచిక వేయడం, ప్రత్యేక సంచిక కోసం ఒక నెల ఎగ్గొట్టడం మామూలైన మన పత్రికలతో ఆ నమూనా తరచుగా తప్పుతుంది. పత్రికలు పాతిక లోపు ఉన్న గ్రంథాలయంలో పాత పద్ధతి రిజిస్టరే నయమనిపిస్తుంది. కొనుగోళ్ల విభాగం బడ్జెట్టు, నిధి, విక్రేత, బిల్లు అని పద్ధతి ప్రకారం నడుస్తుంది గాని, ఏడాదికి ఒకసారి పుస్తకాలు కొనే చిన్న కళాశాలకు అంత తతంగం అవసరం లేదు. మాన్యువల్ సమగ్రంగా ఉన్నా ఇంగ్లిష్‌లో ఉంది. అందులో ప్రతి బొత్తాం ఏమి చేస్తుందో ఉంటుంది గాని, ఏ పని ముందు చేయాలో కొత్తవారికి అంతగా తెలియదు. సిస్టమ్ ప్రిఫరెన్సులు అనే పేజీలో వందల కొద్దీ మీటలుంటాయి. వాటన్నింటినీ మొదటి నెలలోనే తెలుసుకోవాలని కూర్చుంటే అక్కడే కాలం గడిచిపోతుంది. వాటి జోలికి పోకుండా, పని అడ్డుపడినప్పుడు సంబంధిత మీటను వెతుక్కోవడం మేలు.

ఉచితం అన్న మాటను కూడా జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. లైసెన్సుకు డబ్బు చెల్లించనక్కరలేదు, అంతే. సర్వర్, విద్యుత్తు, ఇంటర్నెట్టు, వాటిని చూసుకునే మనిషి ఉచితం కాదు. కోహా ఉచితమే కదా అని బడ్జెట్టులో సున్నా వేసిన సంస్థలో లైబ్రేరియనే రాత్రిపూట సర్వర్ చూసుకునే ఉద్యోగిగా మారతాడు. ప్యాకేజీ పద్ధతిలో పెట్టిన కోహా ప్రతిరోజూ తనంతట తానే డేటా నకలు తీస్తుంది. అయితే ఆ నకలును అదే యంత్రంలో పెట్టి, పాతబడిన నకళ్లను తీసేస్తూ ఉంటుంది. డిస్కు పాడైతే అసలూ నకలూ కలిసే పోతాయి. దానిని వేరే చోటికి పంపే ఏర్పాటు మనమే చేసుకోవాలి. వారానికి ఒకసారైనా ఆ నకలును సాధన కోసం పెట్టుకున్న కోహాలోకి తిరిగి ఎక్కించి, తెరుచుకుంటోందో లేదో చూడడం ఉద్యోగంలో మొదటి నెల నుంచే అలవాటు చేసుకోదగిన పని.

కోహా నేర్చుకోవడమే గ్రంథాలయ వృత్తి అన్న అపోహ మాత్రం వద్దు. విశ్వవిద్యాలయ అసిస్టెంట్ లైబ్రేరియన్, కళాశాల లైబ్రేరియన్ పోస్టులకు యూజీసీ నిబంధనల ప్రకారం 55 శాతం మార్కులతో గ్రంథాలయ శాస్త్రంలో మాస్టర్స్ డిగ్రీ, నెట్ లేదా సెట్ వంటి అర్హత కావాలి. ఎంత బాగా సర్వర్ నడిపినా అది ఆ స్థానాన్ని భర్తీ చేయదు. వర్గీకరణ కూడా కోహా నేర్పదు. తెలుగు సాహిత్యానికి డ్యూయీ పద్ధతిలో 894.827 అని గడిలో నింపగలం గాని, తెలుగు నాటకాల మీద వచ్చిన విమర్శను ఆ సంఖ్యను ఎలా పొడిగించి అరలో నిలపాలో వర్గీకరణ పట్టికలు తిరగేసినవారికే తెలుస్తుంది. తనకేమి కావాలో సరిగా చెప్పలేని పాఠకుడి ప్రశ్న వెనక ఉన్న అసలు ప్రశ్నను రాబట్టే నేర్పు ఏ మెనూలోనూ ఉండదు.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, బీఎల్ఐఎస్సీ లేదా ఎంఎల్ఐఎస్సీ చదువుతూ కొంత ఖాళీ సమయం, ఒక మోస్తరు ల్యాప్‌టాప్ ఉన్న ప్రతివారికీ. సొంత ఇంట్లోని పుస్తకాలో, ఊళ్లోని శాఖా గ్రంథాలయంలో అడిగి చూసిన పుస్తకాలో వంద తీసుకుని, అందులో సగం తెలుగువి ఉండేలా చూసుకుని, సూచీకరణ నుంచి స్పైన్ లేబుళ్ల ముద్రణ వరకు అన్ని దశలూ పూర్తిచేయమంటాను. ఆ ఓపాక్‌ను ఇంటర్వ్యూలో తెరిచి చూపిస్తే సర్టిఫికెట్ల కట్ట కంటే బాగా మాట్లాడుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలలోనో ప్రభుత్వ విభాగాలలోనో చేరాలన్న లక్ష్యం ఉన్నవారు కోహాతో పాటు ఈ-గ్రంథాలయను కూడా పరిచయం చేసుకోవాలి. ఏకోపాధ్యాయ పాఠశాలలోని రెండు బీరువాల పుస్తకాలకు కోహా పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను, అక్కడ ఒక ఎక్సెల్ ఫైలు సరిపోతుంది.

ఇప్పటికే కోహా నడుస్తున్న సంస్థలో చేరబోయేవారు జీతం గురించి మాట్లాడుకున్న తరువాత మరికొన్ని విషయాలు అడిగి తెలుసుకోవాలి. ఏ వెర్షన్ నడుస్తోంది, చివరిసారి ఎప్పుడు కొత్త వెర్షన్‌కు మార్చారు, సర్వర్ కళాశాలలో ఉందా బయట ఉందా, దాని ప్రధాన పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంది, బయటి సంస్థ చూసుకుంటుంటే ఒప్పందం ముగిసిన రోజున డేటా మొత్తాన్ని మార్క్ రూపంలో అప్పగించాలన్న షరతు అందులో ఉందా. వీటికి జవాబులు దొరక్కపోతే, చేరిన మొదటి వారంలోనే సూచిక మొత్తాన్ని ఒకసారి మార్క్ ఫైలుగా ఎగుమతి చేసి, పాఠకుల జాబితానూ సర్క్యులేషన్ నియమాల పట్టికనూ విడిగా భద్రపరిచి, ఆ నకళ్లు ఎక్కడున్నాయో రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు తెలియజేయాలి.